కనుమ వెళ్ళిన సోమవారం షిప్: గుంటూరు నుంచి ముంబై పోర్టుకు తొమ్మిది మంది ప్రయాణం

కుటుంబాన్ని ఎవరూ గుర్తు పట్టకుండా వయసులు, ఉద్యోగాలు, కొన్ని వేళలు మార్చాం. నిర్ణయాల వెనక లెక్క మాత్రం అలాగే ఉంచాం. విజయవాడ, గుంటూరు వైపు ట్రావెల్ పని చేసేవాళ్ళకూ, సొంతంగా టికెట్లు తీసుకునేవాళ్ళకూ ఉపయోగపడేది ఆ లెక్కే.

నేపథ్యం

గుంటూరు కుటుంబం, మొత్తం తొమ్మిది మంది. డెబ్బై దాటిన భార్యాభర్తలు, గుంటూరులోనే వ్యాపారం చేసుకునే పెద్దకొడుకు ఇంట్లో ముగ్గురు, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే చిన్నకొడుకు ఇంట్లో నలుగురు. పెద్దాయనకు మోకాళ్ళు అరిగాయి. చదునైన చోట నిదానంగా నడుస్తారు, మెట్లు మాత్రం ఎక్కలేరు. పెద్దావిడకు షుగర్, ఇన్సులిన్ మీద ఉన్నారు.

ముంబై నుంచి నాలుగు రాత్రుల క్రూజ్. సోమవారం సాయంత్రం 5 గంటలకు షిప్ కదులుతుంది. మంగళవారమంతా నడిసముద్రం, బుధవారం లక్షద్వీప్, గురువారం మళ్ళీ సముద్రం, శుక్రవారం పొద్దున ముంబై. తొమ్మిది మందికి మూడు క్యాబిన్లు, డబ్బు మొత్తం కట్టేశారు. ఆ సోమవారానికి ముందు శుక్రవారమే కనుమ. చిన్నకొడుకు కుటుంబం పండక్కి గుంటూరు వచ్చి ఉంటుంది కాబట్టి అందరూ అక్కణ్ణుంచే బయల్దేరతారు.

వాళ్ళు అడిగింది

ప్రయాణానికి నెలన్నర ముందు, ట్రావెల్ ప్లాన్లు వేసే మా దగ్గరికి వచ్చారు. అడిగింది ఒకటే: ముంబై ఎయిర్‌పోర్ట్ నుంచి పోర్టుకు రెండు పెద్ద కార్లు. విమానం టికెట్లు అప్పటికే తీసుకున్నారు. సోమవారం పొద్దున 7:20కి గన్నవరంలో (విజయవాడ ఎయిర్‌పోర్ట్) ఒక ఎయిర్‌లైన్, హైదరాబాద్‌లో దిగి 10:50కి ఇంకో ఎయిర్‌లైన్, 12:30కి ముంబై. రెండు వేరువేరు పీఎన్‌ఆర్‌లు. షిప్ 5 గంటలకు కదా, నాలుగున్నర గంటల టైముందని వాళ్ళ ధీమా.

కారు బుక్ చేసి పంపించేస్తే వాళ్ళు అడిగిన పని అయిపోయినట్టే. కానీ కార్లు ఎన్నింటికి రావాలో చెప్పడానికి వేళలు వెనక నుంచి లెక్కేయడం మొదలుపెట్టగానే అసలు సమస్య బయటపడింది.

షిప్ కదిలే వేళతో మనకు పని లేదు. టెర్మినల్‌లో చెక్-ఇన్ మూసే వేళతోనే పని. వీళ్ళ టికెట్ మీద అది మధ్యాహ్నం 3 గంటలు. విమానం 12:30కి దిగినా, వీల్‌చైర్ కావలసినవాళ్ళను చివరగా దింపుతారు. తొమ్మిది మంది పెట్టెలు బెల్టు మీదికి వచ్చి, రెండు కార్లకు ఎక్కించేసరికి 1:30 అనుకోవాలి. ఎయిర్‌పోర్ట్ ఉత్తరాన అంధేరి వైపు, పోర్టు దక్షిణ కొసన బలార్డ్ ఎస్టేట్ దగ్గర. పాతిక కిలోమీటర్లకు కాస్త అటూఇటూ. సోమవారం మధ్యాహ్నం గంట నుంచి గంటన్నర. అంటే 2:30 నుంచి 3 లోపు గేటు దగ్గరికి చేరతారు. నాలుగున్నర గంటలు అనుకున్నది, అన్నీ సవ్యంగా జరిగిన రోజున కూడా అరగంటకు దిగిపోయింది.

ఇక సవ్యంగా జరగకపోవడానికి కారణాలు. జనవరిలో గన్నవరంలో తెల్లవారుజామున మంచు పడుతుంది. పొద్దుటి విమానాలు ఆలస్యం కావడం ఆ నెలలో కొత్త కాదు. మొదటి విమానం గంటన్నర ఆలస్యమైతే రెండోది పోయినట్టే. రెండు పీఎన్‌ఆర్‌లు కాబట్టి హైదరాబాద్‌లో పెట్టెలు తీసుకుని, బయటికి వచ్చి, మళ్ళీ కౌంటర్‌లో ఇవ్వాలి. దేశీయ విమానాలకు కౌంటర్ దాదాపు గంట ముందే మూసేస్తారు. రెండో ఎయిర్‌లైన్ దృష్టిలో వీళ్ళు కనెక్టింగ్ ప్రయాణికులు కారు, వేళకు రాని ప్రయాణికులు. మంచు వల్ల ఆలస్యమైతే పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల ప్రకారం నష్టపరిహారం ఉండదు. బాగా ఆలస్యమైతే ఇంకో విమానమో, టికెట్ డబ్బో ఇస్తారు. షిప్ తప్పిపోయిన నష్టం ఎవరి ఖాతాలోనూ పడదు.

పెద్దాయన అడిగిన ప్రశ్న చాలామంది మనసులో ఉంటుంది. “తొమ్మిది మందిమి కదా బాబూ, ఫోన్ చేసి చెబితే కాసేపు ఆగరా?” ఆగరు. పోర్టులో షిప్పుకు బెర్త్ (ఆగే చోటు) ఇంత సేపని ఇస్తారు, బయటికి నడిపించే పైలట్‌ను ఫలానా వేళకని ముందే అడిగి పెట్టుకుంటారు, చెక్-ఇన్ మూశాక ప్రయాణికుల జాబితా ఖరారు చేస్తారు. తర్వాతి రేవులో ఎక్కుదామంటే ఈ క్రూజ్‌లో అది లక్షద్వీప్. అక్కడ దిగడానికే ప్రవేశ అనుమతి కావాలి, ఎక్కడం మాట దేవుడెరుగు. గోవా మీదుగా వెళ్ళే క్రూజ్ అయినా కంపెనీ అనుమతి లేకుండా మధ్యలో ఎక్కనివ్వరు. కాబట్టి దాన్ని ప్లాన్‌లోకి తీసుకోకూడదు. రాకపోతే టికెట్ డబ్బు పూర్తిగా పోతుందని బుకింగ్ షరతుల్లో స్పష్టంగా ఉంది.

ఏ కొలతతో ఎంచాలి

ఇలాంటప్పుడు సాధారణంగా ఇచ్చే సలహా ‘ఒకరోజు ముందు వెళ్ళండి’. మంచిదే, కానీ చాలదు. పన్నెండు గంటల ఎడం ఉన్నా ఆ దారిలో రోజుకు ఒక్క సర్వీసే ఉంటే, అది రద్దయిన రోజున ఆ పన్నెండు గంటలూ వృథా. నాలుగు గంటల ఎడమే ఉన్నా గంటకో సర్వీసు ఉన్న దారి అంతకంటే నయం. అందుకని ప్రతి మజిలీకీ గంటలు అడగలేదు, ఒకే ప్రశ్న వేశాం: ఇది పోతే దీని తర్వాతది ఏది, అందులో ఐదారుగురికైనా చోటుంటుందా, అది కూడా 3 గంటల లోపు చేరుస్తుందా?

దానికి రెండో ప్రశ్న తోడు. మొదటిదాన్ని ఆపిన కారణమే రెండోదాన్నీ ఆపుతుందా? 2024 సెప్టెంబర్ 1న ఇది ఈ ప్రాంతం అందరికీ తెలిసొచ్చింది. కేసముద్రం దగ్గర ట్రాక్ కింద కట్ట కొట్టుకుపోయి విజయవాడ, కాజీపేట మధ్య రైళ్ళు ఆగిపోయాయి. అదే వానకు ఐతవరం దగ్గర జాతీయ రహదారి మీదికి నీళ్ళొచ్చి బస్సులు, కార్లు నిలిచిపోయాయి. ఆ రోజు రైలుకు బదులు బస్సు అనుకున్నవాళ్ళకు ఉన్నది రెండు దారులు కాదు, ఒకటే.

పరిశీలించి వదిలేసినవి

అదే సోమవారం గన్నవరం నుంచి ముంబైకి నేరుగా వెళ్ళే విమానం. మార్పిడి తప్పుతుంది నిజమే. కానీ మంచు తప్పదు. అది పోతే గన్నవరంలో తర్వాతది లేదనే అనుకోవాలి. మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయింది.

ఆదివారం గన్నవరం నుంచి నేరుగా. ఇది బాగానే కనిపించింది. తొమ్మిది మందికి వెతికితే ధర కళ్ళు తిరిగేలా వచ్చింది. ఇక్కడ ఒక కిటుకు చాలామందికి తెలియదు. ఒకే విమానంలో సీట్లను రకరకాల ధరల అరల్లో అమ్ముతారు. తక్కువ ధర అరలో నాలుగు సీట్లే మిగిలితే, తొమ్మిది మందికి ఒకేసారి అడిగినప్పుడు తొమ్మిదీ పై అర ధరకే చూపిస్తుంది. నాలుగు, ఐదుగా విడగొట్టి అడిగితే నలుగురికైనా తగ్గుతుంది. అలా చూసినా పండగ తిరుగు రద్దీ ధరే. దాన్ని వదిలేయడానికి ధర ఒక్కటే కారణం కాదు. ఆ విమానం రద్దయితే అదే రాత్రి తొమ్మిది మందిని కూర్చోబెట్టగల ఇంకో విమానం గన్నవరంలో దొరకదు. అప్పుడు రాత్రికి రాత్రి హైదరాబాద్‌కు రోడ్డు పట్టాలి. అదీ కనుమ వెళ్ళిన ఆదివారం రాత్రి!

ఆదివారం కార్లలో హైదరాబాద్ వెళ్ళి సాయంత్రం విమానం ఎక్కడం. చిన్నకొడుకు గట్టిగా పట్టుబట్టింది ఇదే, ఏటా వెళ్ళే దారే కదా అని. ఆ ఆదివారం ఆంధ్రా నుంచి హైదరాబాద్ తిరిగి వెళ్ళేవాళ్ళంతా రోడ్డు మీదే ఉంటారు. విజయవాడ మీదుగా వెళ్ళినా, గుంటూరు నుంచి పిడుగురాళ్ళ, వాడపల్లి, మిర్యాలగూడ మీదుగా వెళ్ళినా రెండు దారులూ నార్కట్‌పల్లి దగ్గర కలుస్తాయి. చౌటుప్పల్ ముందున్న పంతంగి టోల్‌గేటు రెండింటికీ ఉమ్మడి. అక్కడ బారులు తీరితే ఏ దారిన వచ్చినా ఒకటే. రెండో ప్రశ్న దగ్గర ఇది పోయింది.

కోణార్క్ ఎక్స్‌ప్రెస్. కాగితం మీద అన్నిటికంటే అందమైన దారి ఇది. విజయవాడలో ఎక్కితే మారే పని లేకుండా ముంబై సీఎస్ఎంటీలో దిగొచ్చు. అక్కణ్ణుంచి షిప్ ఎక్కే బలార్డ్ పియర్ కిలోమీటరున్నర. శనివారం ఎక్కితే ఆలస్యమైనా ఆదివారం పగటికల్లా చేరతారు. కానీ రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు. వీళ్ళు నెలన్నర ముందు వచ్చేసరికి థర్డ్ ఏసీ, సెకండ్ ఏసీ రెండింటిలోనూ వెయిటింగ్ లిస్ట్ పెరిగిపోయింది. తత్కాల్ చూద్దామన్నారు. తత్కాల్‌లో ఒక పీఎన్‌ఆర్‌కు నలుగురే. తొమ్మిది మందికి మూడు బుకింగులు, రైలు భువనేశ్వర్‌లో బయల్దేరే ముందురోజు 10 గంటలకు ఏసీ తత్కాల్ తెరిచిన ఒకట్రెండు నిమిషాల్లో మూడూ పడాలి. రెండు పడి మూడోది పడకపోతే? పడిన తత్కాల్ టికెట్ రద్దు చేసుకుంటే రూపాయి రాదు. ఒకట్రెండు రోజుల ముందు దాకా ఏమీ ఖాయం కాని పద్ధతిని, ఆలస్యాన్ని అసలు క్షమించని షిప్పుకు ముడిపెట్టడం తగదు. తత్కాల్ ఆలోచన అక్కడితో వదిలేశాం.

నిలిచిన ప్లాన్

కీలకం ఆదివారాన్ని వదిలి శనివారానికి జరగడం, గన్నవరాన్ని వదిలి శంషాబాద్‌ను పట్టుకోవడం. హైదరాబాద్ నుంచి ముంబైకి తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా విమానాలుంటాయి, రెండు మూడు ఎయిర్‌లైన్లు నడుపుతాయి. ఆదివారం మధ్యాహ్నం విమానం పోతే సాయంత్రం ఇంకోటి, రాత్రికి మరోటి. అవీ పోతే సోమవారం మొదటి విమానాలు ఎక్కినా పొద్దున తొమ్మిది, పదికల్లా ముంబైలో దిగొచ్చు. మొదటి ప్రశ్నకు ఇంత మంచి జవాబు గన్నవరం ఏ రోజునా ఇవ్వలేదు.

ఇక హైదరాబాద్ చేరడం. ఇక్కడ కుటుంబాన్ని రెండుగా విడగొట్టాం. పెద్దవాళ్ళిద్దరూ, పెద్దకొడుకు కుటుంబమూ శనివారం పొద్దున్నే గుంటూరులో బయల్దేరే పల్నాడు ఎక్స్‌ప్రెస్. నడికుడి, నల్గొండ మీదుగా వెళ్తుంది కాబట్టి విజయవాడ వెళ్ళక్కర్లేదు. ఐదుగురూ ఒకే పీఎన్‌ఆర్, ఏసీ చైర్‌కార్. తిరుగు రద్దీ ఆదివారం కంటే శనివారం పొద్దున తక్కువ కాబట్టి సీట్లు దొరికాయి. సికింద్రాబాద్‌లో కాకుండా లింగంపల్లిలో దిగమన్నాం, చిన్నకొడుకు ఇల్లు అటే. సికింద్రాబాద్ జనంలో మోకాళ్ళ నొప్పితో ప్లాట్‌ఫాం మారే బాధ తప్పుతుంది.

చిన్నకొడుకు కుటుంబం సొంత కారులో, పెద్ద పెట్టెలన్నీ వేసుకుని, శనివారం తెల్లవారకముందే. దారి మాత్రం మాచర్ల, నాగార్జునసాగర్, మాల్, ఇబ్రహీంపట్నం. ఇది పంతంగి వైపు వెళ్ళనే వెళ్ళదు. బొంగులూరు దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కిస్తుంది. సాగర్ రోడ్డు మీద కొన్నిచోట్ల వేగం రాదు, చీకట్లో లారీలుంటాయి. జాతీయ రహదారి ఖాళీగా ఉన్న రోజున అటు వెళ్ళమని ఎవరికీ చెప్పం. పండగ వారం మాత్రం అదే దగ్గర.

రైలు ఆగితే కారు వెళ్తుంది, కారు ఆగితే రైలు వెళ్తుంది. రెండూ ఆగినా విమానానికి ఇంకా ఒక రాత్రి, సగం పగలు ఉంటాయి. ఏ గుంపు ముందు చేరినా రెండోవాళ్ళు ఇంటికి రావలసిందే కాబట్టి ఇంటి తాళం ఇద్దరి దగ్గరా ఉండాలని రాసిచ్చాం. చిన్న విషయమే. కానీ లింగంపల్లిలో దిగిన పెద్దాయన తలుపు ముందు మెట్ల మీద కూర్చోవడం ప్లాన్‌లో భాగం కాకూడదు.

ఆదివారం విమానం 2 గంటలకు, ముంబైలో 3:40కి దిగేది. పొద్దుటిది ఎందుకు కాదని అడిగారు. జనవరి మూడో ఆదివారం ముంబై మారథాన్. మొదలయ్యేది సీఎస్ఎంటీ దగ్గరే. ఫోర్ట్, మెరీన్ డ్రైవ్ చుట్టుపక్కల రోడ్లు తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం దాకా మూసేస్తారు. పది గంటలకు దిగి హోటల్‌కు వెళ్ళబోయినవాళ్ళు కారులోనే కూర్చుంటారు. కనుమ వెళ్ళిన ఆదివారం, మారథాన్ ఆదివారం ఒకటే అయ్యే సంవత్సరాలున్నాయని ఇక్కడి ప్లానర్లు గుర్తుంచుకోవాలి. ఆ రాత్రి ఫోర్ట్, కొలాబా వైపు హోటళ్ళూ త్వరగా నిండిపోతాయి, అందుకని గదులు విమానం టికెట్ల కంటే ముందు పట్టుకున్నాం.

హోటల్ విషయంలో కుటుంబం మొదట ఎంచుకున్నది ఎయిర్‌పోర్ట్ పక్కన. దిగగానే పడుకోవచ్చు, ధర కూడా కాస్త తక్కువ. దాన్ని మార్పించడానికి ఒకే మాట చెప్పాల్సి వచ్చింది: ఆదివారం సాయంత్రం నగరం దాటితే ఆలస్యమైనా పోయేది భోజనం వేళే, సోమవారం పొద్దున ఆఫీసు రద్దీలో దాటితే పోయేది షిప్. బలార్డ్ ఎస్టేట్, ఫోర్ట్ ప్రాంతంలో మూడు గదులు, పోర్టు గేటుకు కిలోమీటరు, రెండు కిలోమీటర్ల లోపు. ఎయిర్‌పోర్ట్ నుంచి శాంతాక్రజ్-చెంబూర్ లింక్ రోడ్డు మీదుగా ఈస్టర్న్ ఫ్రీవే ఎక్కితే పోర్టు పక్కనే ఉన్న పీ డిమెల్లో రోడ్డు దగ్గర దిగుతుంది. పెట్టెలు, వీల్‌చైర్ లేని కుర్రాళ్ళయితే మెట్రో ఆక్వా లైన్ ఎక్కమనేవాళ్ళం. ఎయిర్‌పోర్ట్ టెర్మినళ్ళ నుంచి సీఎస్ఎంటీ దాకా నేల కిందుగా వెళ్ళిపోవచ్చు. టికెట్ తీసేటప్పుడు ఇంకో జాగ్రత్త: ముంబైకి ఇప్పుడు రెండు విమానాశ్రయాలు. కోడ్ బీఓఎం అయితే పాతది, ఎన్ఎంఐ అయితే నవీ ముంబై. రెండోదానిలో దిగితే అటల్ సేతు మీదుగా రావాలి, కారు ముందే అక్కడికి చెప్పుకోవాలి.

ఉన్న టికెట్ల సంగతి. రద్దు చేస్తే మూల ధరలో పెద్దగా ఏమీ రాదు. అయినా చట్టబద్ధమైన పన్నులు, ఎయిర్‌పోర్ట్ రుసుములు వాపసు రావాలి. వాపసు లేని టికెట్ అయినా సరే అడిగి తీసుకోవాలి. పెద్దకొడుకు ఇక్కడే ఆగిపోయాడు, కట్టిన డబ్బు నీళ్ళలో పోయినట్టే కదా అని. అది ఉంచుకున్నా, వదులుకున్నా పోయిన డబ్బే. ఇప్పుడు తూచాల్సింది ఇంకా పెట్టాల్సిన డబ్బు ఒకవైపు, మూడు క్యాబిన్ల ధర ఇంకోవైపు. రద్దు నష్టం, కొత్త టికెట్లు, ఒక రాత్రి హోటల్ అన్నీ కలిపినా క్రూజ్ ఖర్చులో ఆరో వంతు దాటలేదు.

కాగితాలు, పెట్టెలు

టికెట్ల కంటే ఎక్కువ పని పెట్టింది పేర్లు. పెద్దావిడ ఆధార్‌లో పేరు ముందు పుట్టింటి ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంది. క్రూజ్ బుకింగ్‌లో చిన్నకొడుకు అత్తింటి ఇంటిపేరు పూర్తిగా వేశాడు. విమానం టికెట్‌లో ఇంటిపేరు అసలు లేదు. మన ఇళ్ళలో ఇది మామూలే. కానీ మూడు చోట్ల మూడు పేర్లుంటే టెర్మినల్ కౌంటర్‌లో ఆ మనిషి ఎవరో తేల్చడానికి వాదన తప్పదు. లక్షద్వీప్ అనుమతికి కంపెనీ పంపేది కూడా బుకింగ్‌లో ఉన్న పేరే. తొమ్మిది మంది గుర్తింపు కార్డుల ఫోటోలు తెప్పించి, కార్డులో ఉన్నదాన్ని అక్షరం అక్షరం చూసి క్రూజ్ పేరు దిద్దించాం. కొత్త విమానం టికెట్లు దాని ప్రకారమే తీశాం. పేరు దిద్దుబాటుకు కంపెనీ రెండు మూడు రోజులు తీసుకుంటుంది కాబట్టి ఆఖరి వారానికి పెట్టుకోకూడదు.

వీల్‌చైర్ అడిగేటప్పుడు ‘వీల్‌చైర్ కావాలి’ అంటే సరిపోదు. ఎయిర్‌లైన్‌కు మూడు రకాలున్నాయి: దూరం నడవలేనివాళ్ళకు డబ్ల్యూసీహెచ్ఆర్, మెట్లు ఎక్కలేనివాళ్ళకు డబ్ల్యూసీహెచ్ఎస్, అసలు నడవలేనివాళ్ళకు డబ్ల్యూసీహెచ్‌సీ. పెద్దాయనకు కావలసింది రెండోది. మొదటిది పెడితే, బస్సులో తీసుకెళ్ళి నిచ్చెన మెట్ల దగ్గర వదిలిన రోజున ఇబ్బంది. క్రూజ్ కంపెనీకి వేరే చెప్పాలి. వాళ్ళ వీల్‌చైర్ టెర్మినల్ నుంచి షిప్ ఎక్కేదాకానే, నాలుగు రోజులూ వాడుకోవడానికి కాదు.

టెర్మినల్‌లో పెద్ద పెట్టెలు తీసుకుంటే క్యాబిన్‌కు చేరడానికి కొన్ని గంటలు పడుతుంది. ఇన్సులిన్, మాత్రలు, గుర్తింపు కార్డులు, పిల్లలకు ఒక జత బట్టలు చేతి సంచిలోనే ఉండాలి. ఇస్త్రీ పెట్టె, కెటిల్, ఎక్స్‌టెన్షన్ బోర్డు షిప్‌లోకి రానివ్వరు, నిప్పు భయం. ఇంటి వంట కూడా అంతే. గుంటూరు కుటుంబం గోంగూర పచ్చడి, కందిపొడి లేకుండా గడప దాటదని తెలిసే ముందుగా చెప్పాం. అయినా ఒక సీసా వచ్చింది. దాన్ని హోటల్ క్లోక్ రూంలో పెట్టించి, తిరుగు రోజున తీసుకున్నారు.

జరిగింది

శనివారం రైలు ముప్పావు గంట ఆలస్యంగా లింగంపల్లి చేరింది. కారు మధ్యాహ్నానికి వచ్చింది. ఆదివారం విమానం వేళకే దిగింది. ఫ్రీవే మీదుగా హోటల్‌కు చేరేసరికి చీకటి పడింది.

తేడా వచ్చింది సోమవారం, ఎవరూ ఊహించని కిలోమీటరున్నర దూరంలో. మొదటి కారు 12 గంటలకు గేటు దగ్గరికి చేరింది. రెండో కారు డ్రైవర్ ఫోన్‌లో ‘క్రూజ్ టెర్మినల్’ అని వెతికి భావుచా ధక్కాకు తీసుకెళ్ళాడు. మాండ్వా వెళ్ళే రో-రో పడవలు (వాహనాలను కూడా ఎక్కించుకునేవి) బయల్దేరేది అక్కణ్ణుంచి. అదీ పోర్టు ఆవరణే, అక్కడా జనం పెట్టెలతో దిగుతుంటారు కాబట్టి దిగాక గానీ అనుమానం రాలేదు. వెనక్కి వచ్చేసరికి ముప్పావు గంట పోయింది. గుర్తింపు కార్డులన్నీ ఒకే సంచిలో పెట్టారు, ఆ సంచి రెండో కారులో ఉంది. కాబట్టి ముందు చేరినవాళ్ళు కూడా లోపలికి వెళ్ళలేక బయటే నిలబడ్డారు. 12:45కి అందరూ కలిశారు, 2 గంటలకల్లా షిప్‌లో ఉన్నారు. ఎడం ఉంది కాబట్టి ఇది చిరాకుతో సరిపోయింది. మొదటి ప్లాన్‌లో ఇదే మలుపు తిరిగి ఉంటే 3:30 అయ్యేది.

దీని తర్వాత కాగితాల్లో రెండు మార్పులు చేశాం. డ్రైవర్‌కు టెర్మినల్ పేరు చెప్పడం కాదు, బలార్డ్ పియర్, గ్రీన్ గేట్ అని టికెట్ మీదున్న చిరునామా హిందీలో మెసేజ్ పెట్టి, లొకేషన్ పిన్ కూడా పంపిస్తాం. ఎవరి కార్డు వాళ్ళ దగ్గరే, పిల్లలవి తల్లి దగ్గర. ఇంటి పెద్ద అందరి కార్డులూ జాగ్రత్త చేయడం మన అలవాటు, కానీ ఆ అలవాటు కుటుంబం ఒకే వాహనంలో ఉన్నంతసేపే పని చేస్తుంది.

శుక్రవారం తిరుగు ప్రయాణానికి ఇంత హంగామా చేయలేదు. షిప్ పొద్దున 8కి కట్టినా డెక్‌ల వారీగా దింపుతారు, పెట్టెలు టెర్మినల్‌లో వెతుక్కోవాలి. మధ్యాహ్నం 2 లోపు విమానం పెట్టుకోకుండా, సాయంత్రం గన్నవరానికి నేరుగా వెళ్ళేది తీసుకున్నాం. అది పోయినా పోయేది ఒక రాత్రి, కొంత డబ్బు. వెళ్ళేటప్పుడు పనికిరాదన్న విమానమే వచ్చేటప్పుడు పనికొచ్చింది, ఎందుకంటే ఈ వైపు ఎదురుచూసే షిప్ లేదు.

ఆ సోమవారం గన్నవరంలో మంచు లేదు. వాళ్ళు రద్దు చేసుకున్న 7:20 విమానం వేళకే ఎగిరింది. హైదరాబాద్ నుంచి రెండోదీ అంతే. తిరిగొచ్చాక పెద్దకొడుకు ఆ సంగతి చూసి చెప్పాడు, అయితే అంత ఖర్చూ దండగే కదండీ అని. వేళకు ఎగిరిన విమానంలో వచ్చి ఉంటే గేటు దగ్గరికి 2:30 నుంచి 3 మధ్య చేరేవాళ్ళు, అదీ రెండో కారు తిన్నగా వస్తేనే. ఆ లెక్క మళ్ళీ ఒకసారి కాగితం మీద వేసి చూపించాం. ఒప్పుకున్నాడని చెప్పలేం, తర్వాతి ప్రయాణానికి మాత్రం టికెట్లు తీసుకోకముందే ఫోన్ చేశాడు.

ఇదే లెక్క వేరే రేవులకు వేస్తే జవాబు మారుతుంది. చెన్నై నుంచి బయల్దేరే షిప్పుకు గుంటూరు, తెనాలి వాళ్ళు ఇంత దూరం ఆలోచించక్కర్లేదు. తెనాలి మీదుగా చెన్నైకి రోజంతా రైళ్ళుంటాయి, ఒకటి పోతే ఇంకోటి. సెంట్రల్ స్టేషన్ నుంచి పోర్టు దగ్గరే. ముందురోజు మధ్యాహ్నం రైలు, రాత్రికి అక్కడ గది చాలు. కాకపోతే అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుపాను కాలం. అప్పుడు నెల్లూరు, గూడూరు మధ్య నీళ్ళొస్తే రైలూ రోడ్డూ కలిసే ఆగుతాయి. ఆ మూడు నెలల్లో చెన్నై షిప్పుకు రెండు రోజుల ముందు బయల్దేరమంటాం. విశాఖ షిప్పుకూ అంతే: మామూలు రోజుల్లో ముందురోజు సాయంత్రం రైలు చాలు, వాయుగుండం వార్త ఉన్నప్పుడు అదనంగా ఒక రోజు ముందు.